కల్యాణాన్ని వినిపించిన ఉషశ్రీ

మా అడ్డతీగల నుంచి భద్రాచలం వెళ్ళాలంటే రంపచోడవరం చేరి, మారేడుమిల్లి ఘాటు ఎక్కి దిగి, చింతూరు మీదుగా పోవాలి. బస్సు ఛార్జీలకు డబ్బులు లేక, ఇంటి దగ్గర పశువులను విడిచి వెళ్ళలేక ఆగిపోయిన కుటుంబాలు మా వైపు ఎన్నో. అటువంటి వారందరికీ శ్రీరామనవమి నాడు సీతారామ కల్యాణాన్ని చెవులతోనే చూపించిన మహనీయుడు ఉషశ్రీ.

వారి అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. 1928 మార్చి 16న పశ్చిమ గోదావరి జిల్లా కాకరపర్రులో జన్మించారు. ఆకాశవాణిలో చేరి, విజయవాడ కేంద్రం నుంచి రామాయణ భారతాలు ప్రవచించారు. ధర్మసందేహాలు శీర్షికలో శ్రోతల ఉత్తరాలకు జవాబులిచ్చారు. పండితులై ఉండి కూడా పామరులకు అర్థమయ్యే తెలుగే మాట్లాడారు.

సైన్సు విద్యార్థిగా నన్ను ఆకట్టుకున్నది భద్రాచలం నుంచి వారు చేసిన ప్రత్యక్ష వ్యాఖ్యానం. ఇప్పుడంటే ఉపగ్రహాలున్నాయి, సెల్‌ఫోన్లున్నాయి. ఆ రోజుల్లో స్టూడియో బయటి ప్రసారాలకు టెలిఫోను లైనే ముఖ్యాధారం. మంత్రం, మేళం, మాట వేర్వేరు మైకుల్లో పడి, మిక్సరులో కలిసి, ఆంప్లిఫయరులో బలం పుంజుకుని, ఎక్స్ఛేంజీలు దాటుకుంటూ లైను మీద రేడియో కేంద్రానికి చేరాలి. అక్కణ్ణుంచి ట్రాన్స్‌మిటరుకు వెళ్ళాలి. మామూలు టెలిఫోను లైను మోసేది సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే. మాటకు అది సరిపోతుంది గానీ సన్నాయికి, తాళాలకు చాలదు. అందుకే సంగీతానికి అంతకంటే విశాలమైన లైన్లు కావాలి. అయినా దూరం పెరిగే కొద్దీ శబ్దం సన్నగిల్లుతుంది, గరగర తోడవుతుంది.

ఇంత దూరం వచ్చేది శబ్దమే గానీ దృశ్యం కాదు గదా! పందిరి, పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు అన్నీ వ్యాఖ్యాత మాటలోనే కనపడాలి. అభిజిత్ లగ్నం ఎవరి కోసమూ ఆగదు. తప్పు పలికితే మళ్ళీ చెప్పే వీలుండదు. అటువంటి పనిని ఉషశ్రీ గారు తమ గంభీర కంఠంతో సమర్థంగా నిర్వహించి, తెలుగునాట ఇంటింటి మనిషి అయ్యారు.

ఆ రోజున మా తాతయ్య ట్రాన్సిస్టరులో కొత్త సెల్సు వేసి అరుగు మీద పెట్టేవాడట. పొలం పనులాపి చుట్టుపక్కల వాళ్ళంతా చేరేవారట. మాంగల్యధారణ వేళకు మా నాయనమ్మ ఆ రేడియో మీదే అక్షింతలు వేసేదట. ఆవిడ భద్రాచలం చూడకుండానే కన్నుమూసింది. కల్యాణం చూడలేదన్న దిగులు మాత్రం ఆవిడకు లేదని తాతయ్య ఇప్పటికీ చెబుతాడు.

ఉషశ్రీ గారు 1990 సెప్టెంబరు 7న పరమపదించారు. ఎలక్ట్రానిక్సు చదివే మిత్రులకు నా మనవి ఒక్కటే. పరికరం ఎంత గొప్పదని అడిగే ముందు, అవతలి కొసన కూర్చుని వినే మనిషి ఎవరో తెలుసుకుందాం. ఆ మనిషిని మరువలేదు గనుకనే ఉషశ్రీ గారిని మా ఊరు ఇంకా మరువలేదు.