గంటి మోహనచంద్ర బాలయోగి

గంటి మోహనచంద్ర బాలయోగి (అక్టోబరు 1, 1951 - మార్చి 3, 2002) లోక్‌సభ సభాపతి పదవిని అధిష్ఠించిన తొలి దళితుడు. కోనసీమలోని ఎదుర్లంక ఈయన స్వగ్రామం.

రాజకీయ జీవితం

న్యాయశాస్త్రం చదివిన బాలయోగి 1987లో తూర్పు గోదావరి జిల్లా ప్రజా పరిషత్ అధ్యక్షుడయ్యాడు. 1991లో తెలుగుదేశం పార్టీ తరఫున అమలాపురం (ఎస్సీ) స్థానం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1996లో ఓడిపోయినా, ముమ్మిడివరం శాసనసభ ఉప ఎన్నికలో గెలిచి రాష్ట్ర ఉన్నత విద్యాశాఖ మంత్రిగా పనిచేశాడు. 1998, 1999లలో తిరిగి అమలాపురం నుండి గెలుపొంది, రెండుసార్లూ సభాపతిగా ఎన్నికయ్యాడు.

నియోజకవర్గాల పునర్విభజన

1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ వలన పునర్విభజన పాతికేళ్ళు నిలిచిపోయింది. నియోజకవర్గాల జనాభాలో వ్యత్యాసాలు పెరిగాయి. అయితే కొత్త జనాభా లెక్కల ప్రకారం సీట్లు పంచితే, కుటుంబ నియంత్రణ పాటించిన దక్షిణాది రాష్ట్రాల వాటా తగ్గుతుంది. బాలయోగి సభాపతిగా ఉండగా 2001లో లోక్‌సభ ఆమోదించిన బిల్లు, 84వ సవరణగా 2002 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చింది. దీని ప్రకారం 2026 తరువాతి తొలి జనగణన వరకు రాష్ట్రాల సీట్ల సంఖ్య మారదు. రాష్ట్రం లోపలి హద్దులను మాత్రం సవరించవచ్చు. ఆ పని అధికార పక్షానిది కాదు, న్యాయమూర్తి అధ్యక్షతన ఏర్పడే కమిషనుది. అందులో సహసభ్యులుగా ఉండే ప్రజాప్రతినిధులకు ఓటు హక్కు లేదు.

మరణం, తదనంతరం

2002 మార్చి 3న కృష్ణా జిల్లా కైకలూరు సమీపంలో జరిగిన హెలికాప్టరు ప్రమాదంలో బాలయోగి మరణించాడు. 2008 పునర్విభజనలో అల్లవరం, నగరం శాసనసభ స్థానాలు రద్దయ్యాయి. అమలాపురం, రాజోలు, పి.గన్నవరం ఎస్సీలకు రిజర్వు కాగా, ఆయన గెలిచిన ముమ్మిడివరం జనరల్ స్థానమైంది. యానాం - ఎదుర్లంక వారధికి ఆయన పేరు పెట్టారు.