పుల్లరి కట్టనన్న హనుమంతు

కన్నెగంటి హనుమంతు పేరు వినని ఇల్లు పల్నాడులో తక్కువే. ఊళ్లలో విగ్రహాలున్నాయి, బుర్రకథలు చెప్పుకుంటారు. ఆరోగ్యం పేజీలో ఆయన కథ ఎందుకనుకోవచ్చు. అడవిలో దానంతటది మొలిచే గడ్డికి ధర కడితే ఒప్పుకోనందుకు ఆయన ప్రాణం పోయింది. ఆయన పోయిన ఎనభై ఏళ్లకు అదే పల్నాడులో మనిషి ఒంట్లోని కిడ్నీకి ధర పలికింది.

హనుమంతుది దుర్గి దగ్గరి మించాలపాడు. 1870 ప్రాంతంలో పుట్టారు. భూమి, పశువులు ఉన్న రైతు. కృష్ణా డెల్టాకు కాలువలు వచ్చినా అప్పటి పల్నాడు మెట్ట నేలకు వానే దిక్కు. పంట పోయిన ఏడాది ఇంటిని నిలబెట్టేది పశువే. పిల్లలకు పాలు, పొలానికి ఎరువు, అవసరానికి నాలుగు డబ్బులు దాని మీదే. ఆ పశువును బతికించేది నల్లమల అంచు అడవి. వంటచెరకు, కషాయాల మూలికలు కూడా అక్కడివే.

1882 మద్రాసు అటవీ చట్టం ఆ అడవికి హద్దురాళ్లు వేసింది. తాతల నాటి నుంచి మేపుకుంటున్న చోట పశువుకు ఇంతని పుల్లరి కట్టి, అనుమతి చీటీ తీసుకోవాల్సి వచ్చింది. చీటీ లేని పశువును బందెలదొడ్డికి తోలేవారు. విడిపించుకోవడానికి జరిమానా, దానికి అప్పు.

మార్కెట్ కోసం పుట్టని నేలను సరుకులా చూడటం ఒక కల్పన అని కార్ల్ పొలానీ 1944లో రాశారు. ఆ సంగతి పల్నాటి రైతుకు అప్పటికే అనుభవం.

సరుకుగా మారినదాన్ని అప్పు ఎలా వెతుక్కుంటూ వస్తుందో 2000 ప్రాంతంలో రెంటచింతలలో కనిపించింది. మించాలపాడుకు అది పెద్ద దూరమేమీ కాదు. పత్తి పోయి, పురుగుమందుల బాకీలు మీదపడిన రైతులు కొందరు కిడ్నీలు అమ్ముకున్నారని పత్రికలు రాశాయి. అప్పటికే 1994 చట్టం ప్రకారం అవయవాల క్రయవిక్రయాలు నేరం. బంధువు కాకపోయినా అభిమానంతో ఇవ్వవచ్చన్న వెసులుబాటును దళారులు వాడుకున్నారు. చెన్నైలో ఇలాంటి అమ్మకాలను పరిశీలించిన మానవశాస్త్రవేత్త లారెన్స్ కోహెన్ ఒక మాట పట్టుకున్నారు: కిడ్నీకి ధర ఉందని తెలిసిన చోట అప్పులవాళ్ల ఒత్తిడీ పెరుగుతుంది. అంటే అమ్మని మనిషి ఒళ్లు కూడా తాకట్టులో ఉన్నట్టే. 2002లో అచ్చయిన మరో అధ్యయనం చెన్నైలో కిడ్నీ అమ్ముకున్న 305 మందిని కలిసింది. 96 శాతం మంది అప్పు తీర్చడానికే అమ్మారు. అమ్మాక కూడా నాలుగింట మూడొంతుల మంది అప్పుల్లోనే ఉన్నారు. 86 శాతం మంది ఆరోగ్యం మునుపటికంటే దెబ్బతిందన్నారు. ఒక కిడ్నీతో ఉన్నవారికి ఏటా బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూడాలి. డబ్బు చేతిలో పెట్టి మాయమయ్యే దళారి ఆ పరీక్షలు చేయిస్తాడా?

హనుమంతు కాలంలో పశువును తాకట్టు నుంచి తప్పించే దారి ఒక్కటే, పుల్లరి కట్టకపోవడం. 1921లో సహాయ నిరాకరణ ఊపందుకుంది. పల్నాడు పరిస్థితి చూడటానికి వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ అరెస్టయ్యారు. ఊళ్లు భయపడతాయని సర్కారు అనుకుంది. జనం అధికారులతో పొత్తు మానేశారు. చాకలి బట్టలు ఉతకలేదు, మంగలి గడ్డం గీయలేదు, కొట్లో ఉప్పు కూడా పుట్టలేదు. చీటీల్లేకుండానే పశువులు అడవిలోకి వెళ్లాయి. హనుమంతు ముందు నిలిచి ఊళ్లను కూడగట్టారు. నిజానికి ఆ పుల్లరి కట్టలేనంత పేద కాదాయన. కట్టలేనివాళ్ల పక్షాన నిలబడటమే ఆయన గొప్ప.

చౌరీచౌరా ఘటన తర్వాత 1922 ఫిబ్రవరి 12న బార్డోలీలో కాంగ్రెస్ ఉద్యమాన్ని నిలిపివేసింది. మించాలపాడులో మాత్రం అది ఆగలేదు. అదే నెల చివర్లో సాయుధ పోలీసులు ఊరిమీదికొచ్చి పశువులను తోలుకుపోబోయారు. జనం అడ్డుపడ్డారు. తుపాకులు పేలాయి. హనుమంతుతోపాటు మరికొందరు నేలకూలారు.

ఒంట్లో రక్తం తగ్గితే దాహం విపరీతంగా వేస్తుంది, శరీరం పోయిన ద్రవాన్ని అడుగుతుంది. గాయాలతో పడి ఉన్న హనుమంతు గంటలకొద్దీ నీళ్లు అడిగారని, ఇవ్వబోయినవారిని పోలీసులు దగ్గరికి రానివ్వలేదని పల్నాడులో చెప్పుకుంటారు. ఆయనకప్పుడు యాభై దాటాయి. ఆ రాత్రే కన్నుమూశారు.