వేట తుపాకీ నుంచి ఒలింపిక్ గురి వరకు: బికానేర్ మహారాజా కర్ణి సింగ్ జీవితం

1962లో ఈజిప్టు రాజధాని కైరోలో ప్రపంచ షూటింగ్ పోటీలు జరిగాయి. ట్రాప్ విభాగంలో నిర్ణీత రౌండ్లన్నీ ముగిసేసరికి సోవియట్ యూనియన్‌కు చెందిన ఒక క్రీడాకారుడు, ఒక భారతీయుడు సమాన స్కోరుతో అగ్రస్థానంలో నిలిచారు. విజేతను తేల్చేందుకు ఇద్దరి మధ్య మళ్లీ పోటీ నిర్వహించారు. అందులో భారతీయుడు వెనుకబడి రజత పతకం అందుకున్నారు. స్వర్ణం చేతికందే దూరంలో జారిపోయినా, ప్రపంచ షూటింగ్ పటంలో భారతదేశానికి ఒక స్థానం ఉందని ఆ రోజు రుజువైంది. ఆ క్రీడాకారుడే బికానేర్ రాజవంశీయుడు, అప్పటి లోక్‌సభ సభ్యుడు డాక్టర్ కర్ణి సింగ్.

మన దేశంలో తుపాకీ చాలాకాలం రాజసానికీ వేటకూ గుర్తుగా ఉండేది. దాన్ని నియమబద్ధమైన క్రీడా సాధనంగా ప్రజలకు పరిచయం చేసిన తొలి తరంలో ఆయన పేరు ముందు వరుసలో వస్తుంది.

వేట నీడలో బాల్యం

కర్ణి సింగ్ 1924 ఏప్రిల్ 21న జన్మించారు. తాత మహారాజా గంగా సింగ్ అప్పటికే అంతర్జాతీయ ఖ్యాతి గడించిన పాలకుడు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1919లో వెర్సాయ్ సంధిపై సంతకం చేసినవారిలో ఆయన ఒకరు. 1927లో గంగ్ కాలువ ద్వారా ఎడారి భూములకు నీరు తెప్పించినదీ ఆయనే. బికానేర్‌కు సమీపంలోని గజనేర్ సరస్సు ఒడ్డున ఆయన నిర్వహించిన వేటలు మరో విధంగా ప్రసిద్ధి చెందాయి. శీతకాలంలో దూరప్రాంతాల నుంచి గుంపులుగా వలస వచ్చే శాండ్‌గ్రౌస్ పక్షులను వేటాడేందుకు వైస్రాయిలు, సంస్థానాధీశులు, విదేశీ అతిథులు అక్కడికి వచ్చేవారు. ఆనాటి సంస్థానాలలో అతిథి మర్యాదకూ రాజకీయ స్నేహాలకూ వేట ఒక వేదిక.

అటువంటి ఇంట పుట్టిన బాలుడికి తుపాకీ పరిచయం కావడంలో వింత లేదు. అదే కాలంలో సామాన్య భారతీయుడి పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. 1878 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే ఆయుధం ఉంచుకోవడానికి వీలులేదు. ఆ లైసెన్సు దొరకడం సామాన్యుడికి దాదాపు అసాధ్యం. కొందరికి విలాసం, కోట్లాది మందికి నిషిద్ధ వస్తువు. తుపాకీకి ఉన్న ఈ రెండు ముఖాల మధ్యనే కర్ణి సింగ్ పెరిగారు.

ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలోనూ, బొంబాయిలోని సెయింట్ జేవియర్స్ కళాశాలలోనూ ఆయన చదువుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తాతతో కలిసి పశ్చిమాసియా యుద్ధరంగానికి వెళ్లివచ్చారు. 1943లో గంగా సింగ్ మరణించగా, కర్ణి సింగ్ తండ్రి సాదుల్ సింగ్ గద్దెనెక్కారు. 1949లో బికానేర్ రాజస్థాన్‌లో విలీనమైంది. మరుసటి ఏడాది తండ్రి మరణంతో కర్ణి సింగ్ మహారాజా అయ్యారు. అప్పటికి ఏలడానికి రాజ్యం మిగలలేదు. 1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో బికానేర్ నుంచి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి లోక్‌సభలో అడుగుపెట్టారు. 1977 వరకు, అంటే పాతికేళ్లపాటు, ఆ స్థానం ఆయనదే. ఈ మధ్యలో బికానేర్ రాజవంశానికి కేంద్ర పాలకులతో ఉన్న సంబంధాలపై పరిశోధన చేసి బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు.

ప్రాణంలేని పిట్ట

షాట్‌గన్ క్రీడకు మూలం పక్షుల వేటలోనే ఉంది. 1900 నాటి పారిస్ ఒలింపిక్స్‌లో బతికున్న పావురాలనే ఎగురవేసి కాల్చారు. తర్వాత వాటి స్థానాన్ని క్లే పిజియన్ పూర్తిగా ఆక్రమించింది. పేరులో మట్టి ఉన్నా, దీన్ని సున్నపురాయి పొడిని తారువంటి పదార్థంతో కలిపి తయారుచేస్తారు. పదకొండు సెంటీమీటర్ల వ్యాసం గల చిన్న బిళ్ల అది. సీసపు గుళ్లు తగిలితే ముక్కలై రాలిపోతుంది.

ట్రాప్ పోటీలో షూటర్‌కు పదిహేను మీటర్ల ముందు, నేలకు దిగువన యంత్రాలు ఉంటాయి. షూటర్ కేక వేయగానే వాటిలో ఒకటి బిళ్లను గాలిలోకి విసురుతుంది. అది ఎడమకు పోతుందో, కుడికి పోతుందో, ఎంత ఎత్తున లేస్తుందో ముందుగా తెలియదు. గంటకు సుమారు వంద కిలోమీటర్ల వేగంతో దూరమయ్యే ఆ బిళ్లను క్షణకాలంలో కళ్లతో పట్టుకొని, దాని దారికి కొంచెం ముందుగా గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాలి. రౌండుకు పాతిక బిళ్లలు. ఒక్కటి తప్పినా స్థానాలు తారుమారవుతాయి. 1968లో ఒలింపిక్స్‌లో చేరిన స్కీట్‌లో ఒకటి ఎత్తుగా, మరొకటి తక్కువ ఎత్తులో ఉన్న రెండు గదుల నుంచి బిళ్లలు ఎదురెదురుగా దూసుకొస్తాయి.

ఈ ఆటలో క్రమశిక్షణ నైపుణ్యానికి ముందే మొదలవుతుంది. రేంజ్‌లో నడిచేటప్పుడు జంట గొట్టాల తుపాకీని మధ్యకు విరిచి, లోపల తూటా లేదని అందరికీ కనిపించేలా పట్టుకోవాలి. తన వంతు వచ్చి, నిర్దిష్ట స్థానంలో నిలబడేవరకు తూటా పెట్టకూడదు. ఎదురుగా ప్రాణి లేదు, వేటను చూసి మెచ్చుకునే పరివారమూ లేదు. పలికేది స్కోరు పట్టిక మాత్రమే. పుట్టుకతో వచ్చిన హోదా అక్కడ ఒక్క పాయింటునూ చేర్చదు.

రోమ్ నుంచి మాస్కో దాకా

స్వాతంత్ర్యం తర్వాత ఈ క్రీడకు సంస్థాగత రూపం ఇచ్చినది 1951లో ఏర్పడిన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. తొలి లోక్‌సభ స్పీకర్ గణేశ్ వాసుదేవ్ మావలంకర్ దాని స్థాపకుడు. ఆ కాలంలో పోటీ స్థాయి తుపాకీలూ తూటాలూ చాలావరకు దిగుమతి చేసుకోవలసి వచ్చేది. మంచి రేంజ్‌లు తక్కువ. సొంత వనరులున్నవారికే నిలకడైన సాధన సాధ్యమయ్యేది. కర్ణి సింగ్‌కు ఆ వనరులున్నాయి. వాటిని ఆయన ఏళ్ల తరబడి కఠిన సాధనకు వెచ్చించారు. జాతీయ చాంపియన్‌షిప్‌లు అనేకసార్లు గెలుచుకున్నారు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ట్రాప్ విభాగంలో ఎనిమిదో స్థానం సాధించారు. 1961లో కేంద్ర ప్రభుత్వం అర్జున పురస్కారాలను ప్రారంభించినప్పుడు షూటింగ్‌లో ఆ గౌరవం ఆయనకే దక్కింది. మరుసటి ఏడాదే కైరో రజతం వచ్చింది. 1964లో టోక్యో, 1968లో మెక్సికో, 1972లో మ్యూనిక్, 1980లో మాస్కో ఒలింపిక్స్‌లోనూ పాల్గొన్నారు. అయిదు ఒలింపిక్స్‌లో పోటీపడిన తొలి భారతీయుడు ఆయనే. రోమ్‌లో అడుగుపెట్టినప్పుడు ఆయన వయసు ముప్పై ఆరు, మాస్కో నాటికి యాభై ఆరు. ఈ ప్రయాణాన్నే తర్వాత పుస్తకంగా రాసుకున్నారు. ఒలింపిక్ పతకం మాత్రం ఒక్కసారీ అందలేదు. 1974 టెహ్రాన్ ఆసియా క్రీడల్లో ట్రాప్ రజతం గెలుచుకున్నారు.

ఆయన కుమార్తె రాజ్యశ్రీ కుమారి చిన్నతనంలోనే షూటింగ్ నేర్చుకొని 1968లో అర్జున పురస్కారం అందుకున్నారు. వేట పూర్తిగా పురుషుల లోకంగా సాగిన కుటుంబాల చరిత్రలో ఇది గమనించదగిన మార్పు.

మారిన కాలం

కర్ణి సింగ్ క్రీడా జీవితం సాగుతుండగానే దేశం రెండు పెద్ద నిర్ణయాలు తీసుకుంది. 1971లో రాజ్యాంగ సవరణ ద్వారా రాజభరణాలు, సంస్థానాధీశుల బిరుదుల గుర్తింపు రద్దయ్యాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి, వేటపై కఠినమైన ఆంక్షలు విధించింది. తాత కాలంలో రాజసానికి ఆనవాళ్లుగా నిలిచిన రెండింటికీ ఏడాది తేడాలో గట్టి దెబ్బ తగిలింది. తుపాకీ మీద ఇష్టం ఉన్నవారికి గౌరవప్రదమైన మార్గంగా క్రీడా రంగం నిలిచింది. ఆ మార్గంలో కర్ణి సింగ్ అప్పటికే పన్నెండేళ్లకు పైగా నడిచి ఉన్నారు.

1978 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో రణ్‌ధీర్ సింగ్ ట్రాప్ స్వర్ణం సాధించారు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలకు ఆతిథ్యమిచ్చినప్పుడు యాభై ఎనిమిదేళ్ల కర్ణి సింగ్ ట్రాప్ జట్టులో సభ్యుడిగా స్వదేశంలో రజతం గెలుచుకున్నారు. 1988 సెప్టెంబరులో, అరవై నాలుగేళ్ల వయసులో కన్నుమూశారు.

ఆ ఆసియా క్రీడల కోసం ఢిల్లీలోని తుగ్లకాబాద్ వద్ద నిర్మించిన షూటింగ్ రేంజ్‌కు ఆయన పేరు పెట్టారు. 2010 కామన్వెల్త్ క్రీడలకు దాన్ని పునర్నిర్మించారు. దేశంలోని మేటి షూటర్లలో ఎందరో అక్కడ సాధన చేశారు. 2004లో ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ డబుల్ ట్రాప్ రజతం తెచ్చారు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచారు. 2012లో లండన్‌లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ ఎయిర్ రైఫిల్ కాంస్యం అందుకున్నారు. నేడు మధ్యతరగతి, గ్రామీణ కుటుంబాల పిల్లలూ ఎయిర్ పిస్టల్ పట్టుకొని జాతీయ జట్టులో చోటు సంపాదిస్తున్నారు.

షాట్‌గన్ క్రీడ మాత్రం ఇప్పటికీ ఖరీదైనదే. తుపాకీ, తూటాలు, రేంజ్ అందుబాటు, లైసెన్సు నిబంధనలు నేటికీ చాలామందిని గడప దగ్గరే ఆపేస్తున్నాయి. రాజకుటుంబాల చేతుల్లో మొదలైన ఆటను సామాన్యుల దాకా తెచ్చే పని కర్ణి సింగ్ తరంతో పూర్తికాలేదు. అయితే గజనేర్ సరస్సు ఒడ్డున వేటగాళ్ల వంశంలో పుట్టిన వ్యక్తి, ప్రాణంలేని ఒక చిన్న బిళ్ల ముందు ఇరవై ఏళ్లపాటు ప్రపంచ వేదికలపై పరీక్షకు నిలబడ్డారు. గెలిచినవాటితో పాటు తప్పిపోయిన గురులను కూడా తన పేరు మీదే రాయించుకున్నారు. భారతీయ షూటింగ్‌కు ఆయన మిగిల్చిన వారసత్వం అదే.