కోయ కథలను విన్న కెయిన్ దొరగారు

దుమ్ముగూడెం పేరు చెప్పగానే మన సంఘాల పెద్దలకు గోదావరి ఆనకట్ట, దాని పక్కనే పుట్టిన పాత మిషన్ గుర్తుకొస్తాయి. ఆ మిషన్‌తో ముడిపడిన పేరు రెవ. జాన్ కెయిన్ గారిది. ఖమ్మం, భద్రాచలం అడవి అంచుల్లో దశాబ్దాలపాటు సేవచేసిన ఆ దైవజనుని ఈ వారం తలచుకుంటున్నాము. ఆయన జీవితం మన సంఘాలను ఒక మాట అడుగుతోంది.

భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1860లో నిజాం నుంచి ఇంగ్లీషువారి చేతికి వచ్చాయి. ఆ కాలంలో సర్ ఆర్థర్ కాటన్ శిష్యుడైన ఇంజనీరు హేగ్ గారు ఎగువ గోదావరిలో పడవలు నడిపించే పనులు చూస్తూ దుమ్ముగూడెంలో ఉండేవారు. చుట్టూ ఉన్న కోయలకు సువార్త చెప్పేవారు లేరని ఆయన బాధపడ్డారు. ఆ భారంలోనుంచే చర్చి మిషనరీ సొసైటీ వారి కోయ మిషన్ పుట్టింది. హేగ్ గారి కచేరీలో గుమాస్తాగా ఉండి క్రీస్తును నమ్ముకున్న వెంకటరామరాజు గారు ఆ తరువాత గురువుగా అభిషేకం పొంది ఆ పని మోశారు. నదిలో పడవల పనిని ప్రభుత్వం 1871లో మానుకుంది. మిషన్ మాత్రం నిలిచింది.

ఆ నిలిచిన పనిలోకి వచ్చినవారే కెయిన్ గారు. కోయలకు మాట ఉంది గాని లిపి లేదు. వారి చరిత్ర, ధర్మం, నవ్వు, ఏడుపు అన్నీ నోటిమీదనే తరం నుంచి తరానికి నడిచేవి. అందుచేత బోధించాలంటే ముందు వినాలి. ఆయన కోయ భాష నేర్చుకున్నారు, విన్నదంతా రాసిపెట్టారు. బొంబాయిలో అచ్చయ్యే ఇండియన్ ఆంటిక్వరీ అనే పత్రికలో 1876 నుంచి ఈ రెండు తాలూకాలపై ఆయన వ్యాసాలు వెలువడ్డాయి. ఆ శతాబ్దం ముగిసేలోగా లూకా సువార్త కోయ మాటల్లో, తెలుగు అక్షరాలతో అచ్చయింది.

ఆయన ఏమి విన్నారు? పాండవుల వనవాసంలో భీముడు వేటకు వెళ్లి అడవి స్త్రీని చూసి పెండ్లాడాడని, వారి సంతానమే కోయలని ఆ ప్రాంతంలో చెప్పుకునే కథ విన్నారు. కరవువల్ల, తగాదాలవల్ల బస్తరు ఎత్తు నేలలు విడిచి తమ పెద్దలు గోదావరి వైపు దిగివచ్చారని కోయలే చెప్పుకున్న వలస కథ విన్నారు. చనిపోయినవారి చేతిలో ఆవు తోక పెట్టి సాగనంపే ఆచారాన్ని గమనించారు. ఇవన్నీ ఆయన రాయకపోతే ఆనాటి రూపంలో మనకు దొరికేవి కావు.

అయితే ఈ మేలుకు మరో పక్క కూడా ఉంది. ఆ రాతలు ఇంగ్లీషు చదివినవారికోసం రాసినవి. 1909లో థర్‌స్టన్ గారు దక్షిణ భారత కులాలు, తెగలపై అచ్చువేసిన పెద్ద గ్రంథంలో కెయిన్ గారి మాటలు ఎన్నో చేరాయి. భీముని కథ చెప్పిన కోయ పెద్ద ఎవరో ఆ పుస్తకం చదివినవారికి తెలియదు. కథ చెప్పినవారు పుస్తకంలో ఒక తెగగా మిగిలిపోయారు.

అదే కాలంలో వారి బ్రతుకూ మారిపోయింది. పోడుపై పన్ను పెరిగింది. కొన్ని అడవులు పోడుకు మూతపడ్డాయి. 1879లో రంపలో రేగిన తిరుగుబాటు రేకపల్లికి కూడా పాకింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. విత్తనాల పండుగ పాట విత్తనం చల్లే నేలమీద పుట్టినది. నేల చేజారితే పాటకు చోటెక్కడ?

ఇది మన ఒక్క అడవి సంగతి కాదు. ఆఫ్రికాలోని నైజీరియాలో కూడా చర్చి మిషనరీ సొసైటీ పనిచేసింది. ఆ సొసైటీ ఉపదేశకుని కుమారుడైన చినువా అచెబె 1958లో తన మొదటి నవల వెలువరించారు. ఇగ్బో పెద్దల సామెతలు, కథలు అందులో నిండి ఉన్నాయి. చివరలో ఒక దొర, ఒక మనిషి బ్రతుకంతటినీ తన పుస్తకంలో ఒక పేరాకు కుదించాలని ఆలోచిస్తాడు. ఆ దొర కెయిన్ గారు కాదు. కెయిన్ గారు ప్రేమతో విన్నారు. కాని తమ కథను తామే చెప్పుకొనే చోటు అక్కడి ఇగ్బోలకూ ఇక్కడి కోయలకూ ఒకే తీరున తగ్గిపోయింది.

మన సంఘాల మాటేమిటి? డోలు మోగితే విగ్రహారాధన అనుకున్నాము. బాప్తిస్మం పొందిన కోయ బిడ్డ తాత కథను మరచిపోతే భక్తి పెరిగిందని సంతోషించాము. విశ్వాసి విడిచిపెట్టవలసిన ఆచారాలు ఉన్నాయి, అది నిజమే. కాని పెద్దలు ఏ దారిన నడిచివచ్చారో తెలుసుకోవడం పాపం కాదు. ఇశ్రాయేలీయులు పస్కా రాత్రి తమ పిల్లలకు చెప్పింది వలస కథే. మన ప్రభువు కూడా పొలాల కథలు నోటితోనే చెప్పారు. పెంతెకొస్తు దినాన ప్రతివాడూ తన సొంత భాషలోనే దేవుని గొప్ప కార్యాలు విన్నాడు.

డోలు వాయిస్తూ, పడిగె అనే బొమ్మల గుడ్డ పరచి, కోయ వంశాల పుట్టుక చెప్పే డోలి కోయలు ఈనాడు కొద్దిమందే. వారిలో పద్మశ్రీ అందుకున్న మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య గారు 2024లో కన్నుమూశారు. కెయిన్ గారు నడిచిన రేకపల్లి వైపు కూనవరం, వర రామచంద్రపురం మండలాల్లో ఎన్నో పల్లెలు పోలవరం ముంపు కింద ఉన్నాయి. పల్లె కదిలితే కథ కూడా చెదిరిపోతుంది.

కాబట్టి ఆ ప్రాంత సంఘాలకు మా మనవి ఒక్కటే. ఆరాధన అయ్యాక కోయ అవ్వ దగ్గర, తాత దగ్గర కూర్చోండి. వారి మాటలు వారి భాషలోనే ఫోనులో రికార్డు చేయండి, చెప్పినవారి పేరు రాయండి, ఆ రికార్డును వారి మనుమలకే ఇవ్వండి. కెయిన్ గారు వినడం నేర్పి వెళ్లారు. విన్నదాన్ని సొంతదారులకు తిరిగి అప్పగించే పని మనకు మిగిలింది.