పెద్దపొడ, కాటుకరేకులపొడ... ఒక డాక్టరుగారు

పాము పేరెత్తితే చాలు, మనలో సగం మందిమి కాళ్లు మంచం మీదికి లాక్కుంటాం. మిగతా సగం మందిమి చెంపలు వేసుకుని దణ్ణం పెట్టుకుంటాం. అటు భయం, ఇటు భక్తి. ఇప్పుడు వీటికి తోడు సరదా కూడా వచ్చి చేరింది. చేతికి గాజులా చుట్టుకున్న కొండచిలువ పిల్లల వీడియోలు ఫోన్లో చూసి, ఒకటి పెంచుకుంటే పోలా అనే కుర్రకారు మా దిల్‌సుఖ్‌నగర్‌లోనూ ఉన్నారు. ఎల్బీనగర్ దాటి అలా ముందుకు వెళితే ఇంకో రకం మాట చెవిన పడుతుంది. రెండు తలల పాము ఇంట్లో ఉంటే లంకెబిందెలు దొరుకుతాయట, దానికి లక్షల్లో ధర పలుకుతుందట!

ఈ మాటలు విన్నప్పుడల్లా నాకు ప్యాట్రిక్ రస్సెల్ గుర్తొస్తారు. మనం రక్తపింజరి అనే పామును ప్రపంచమంతా రస్సెల్స్ వైపర్ అంటుంది. ఆ రస్సెల్ ఈయనే. పేరు ఇంగ్లీషుదైనా, ఆ పేరు వెనకాల పని జరిగింది మన విశాఖపట్నంలో.

రస్సెల్ 1726లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టారు. వైద్యం చదువుకున్నారు. సవతి అన్న అలెగ్జాండర్ సిరియాలోని అలెప్పో నగరంలో ఇంగ్లీషు వర్తకులకు డాక్టరు. ప్యాట్రిక్ కూడా 1750లో అక్కడికే వెళ్లారు. అన్న తిరిగి వెళ్లాక 1753 నుంచి ఆ ఉద్యోగం ఈయనకే వచ్చింది. 1760 నుంచి 1762 దాకా అలెప్పోను ప్లేగు పీడించింది. ఆ రెండేళ్లూ ఆయన రోగుల లక్షణాలనీ, జబ్బు పాకే తీరునీ జాగ్రత్తగా రాసి పెట్టుకున్నారు. భయం ఊరంతా వ్యాపించినప్పుడు కూడా కళ్లతో చూసిందే నమ్మాలి, నమ్మిందే రాయాలి అనే అలవాటు ఆయనకు అక్కడే గట్టిపడిందని నా అభిప్రాయం. ఆ రాతలే తర్వాత 1791లో ప్లేగు మీద పెద్ద గ్రంథమయ్యాయి.

లండన్ తిరిగొచ్చి హాయిగా ప్రాక్టీసు చేసుకుంటున్న మనిషి మన దేశం ఎందుకు వచ్చారంటారా? ఉద్యోగం కోసం కాదు, తమ్ముడి కోసం. తమ్ముడు క్లాడ్ ఈస్టిండియా కంపెనీలో పెద్ద అధికారి. ఆయనకు విశాఖపట్నంలో బాధ్యతలు అప్పగించారు. ఆరోగ్యం అంతంత మాత్రం. తోడుగా ఒక డాక్టరు, అందులోనూ సొంత అన్న ఉంటే మంచిదని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. అలా 1781లో, యాభై అయిదేళ్ల వయసులో ప్యాట్రిక్ ఓడెక్కారు. ఆయన పెళ్లి చేసుకోలేదు.

ఊరికే కూర్చునే తత్వం కాదు ఆయనది. విశాఖలో చేపల్ని, మొక్కల్ని సేకరించడం మొదలుపెట్టారు. 1785లో కంపెనీ వృక్షశాస్త్రవేత్త కోనిగ్ చనిపోతే ఆ పని ఈయనకు అప్పగించారు. ఉద్యోగం మొక్కలది. కానీ డాక్టరు కళ్లకు ముందు కనబడింది పాముకాటు.

పాములు బోలెడున్నాయి. వాటిలో విషమున్నవి కొన్నే. ఏది ఏదో తెలియకపోతే రెండు రకాల నష్టం. విషం లేని పాము కరిస్తే భయంతోనే సగం చచ్చిపోతారు. అప్పుడు ఏ ఆకు పసరు పోసినా బతికేస్తారు, పేరు మాత్రం పసరుకొస్తుంది. ఆ పసరునే నమ్ముకుని నిజంగా విషప్పాము కరిచినవాళ్లు ప్రాణం పోగొట్టుకుంటారు. ఈ చిక్కుముడి విప్పాలంటే ముందు పాముల్ని గుర్తుపట్టాలి. ఆయన చేసింది సరిగ్గా అదే. తెచ్చిన ప్రతి పాముకీ కోరలున్నాయో లేవో చూశారు. పొట్ట కింద, తోక కింద పొలుసులు లెక్కపెట్టారు. రంగుల బొమ్మలు వేయించారు. కోళ్ల మీద, కుక్కల మీద కాట్లు వేయించి విషం తీవ్రతను రాసుకున్నారు. ఈ పని చదివితే ఇప్పుడు మనసు చివుక్కుమంటుంది గానీ, ఆ కాలంలో వేరే దారి వాళ్లకు తోచలేదు. పాముకాటుకు దివ్యౌషధమని అప్పట్లో పేరుపడ్డ తంజావూరు మాత్రల్ని కూడా పేరు చూసి ఒప్పుకోకుండా పరీక్షకు పెట్టారు. వాటిలో పాషాణం ఉండేది!

నాకు అన్నిటికంటే నచ్చిన విషయం వేరే ఉంది. పాముల పేర్ల కోసం ఆయన ఇక్కడి జనాన్నే ఆశ్రయించారు. వాళ్లు ఏ పేరు చెబితే ఆ పేరునే ఇంగ్లీషు అక్షరాల్లో బొమ్మ పక్కన రాశారు. అలా మన తెలుగు మాటలు లండన్‌లో అచ్చయ్యాయి. పసుపు, నలుపు పట్టీలుండే బంగారు పాము పేరు నుంచే కట్లపాముల ప్రజాతికి బంగారస్ అన్న శాస్త్రీయ నామం వచ్చింది. ఇప్పటికీ ప్రపంచంలో ఏ దేశపు శాస్త్రవేత్త కట్లపాము గురించి రాసినా తెలుగు మాట ఒకటి రాయక తప్పదు!

ఆ పేర్లలోనే మన ప్రాణాలు కాపాడే సంగతి ఒకటి ఉంది. కొండచిలువకు ఆయన రాసుకున్న పేరు పెద్దపొడ. రక్తపింజరికి రాసుకున్నది కాటుకరేకులపొడ. పొడ అంటే మచ్చ. రెంటికీ ఒంటి నిండా మచ్చలే. ఒకదానికి విషమే లేదు. రెండోది మన దేశంలో ఎక్కువ మందిని చంపే పాముల్లో ఒకటి. కాటులో అది తాచుకేమీ తీసిపోదని రస్సెల్ అప్పుడే గమనించారు. ఈ రెంటినీ పోల్చుకోలేకే ఇప్పటికీ మనవాళ్లు కొండచిలువ పిల్ల అనుకుని రక్తపింజరిని చేత్తో పట్టుకుంటున్నారు.

పేరు పెట్టిన పూర్వీకులు గుర్తు కూడా అందులోనే చెప్పారు చూడండి. రక్తపింజరి వీపు మీద కోలగా ఉండే మచ్చలు గొలుసులా వరసలు కట్టి ఉంటాయి. ప్రతి మచ్చ చుట్టూ కాటుకతో దిద్దినట్టు నల్లని అంచు. కొండచిలువ మచ్చలు అలా కావు. పెద్దవిగా, అడ్డదిడ్డంగా, ముక్కలు అతికించిన బొంతలా ఉంటాయి. రక్తపింజరి బెదిరితే ప్రెషర్ కుక్కర్ విజిల్‌లా బుస కొడుతుంది. అయితే ఇవన్నీ దూరం నుంచి చూసుకోవడానికే. దగ్గరికెళ్లి మచ్చలు లెక్కపెట్టే పని మాత్రం వద్దు.

పెద్దపొడ అలవాట్లు తెలిస్తే మనకే ఆశ్చర్యం వేస్తుంది. పై పెదవి మీది చిన్న గుంటలతో చీకట్లో ఎలుక ఒంటి వేడిని పసిగడుతుంది. ఒకసారి కడుపు నిండితే వారాల తరబడి తిండి అక్కర్లేదు. తల్లి కొండచిలువ గుడ్లు పెట్టి వదిలేసి పోదు. వాటి చుట్టూ చుట్టుకుని, ఒళ్లు వణికించి వేడి పుట్టించి, రెండు నెలల పాటు పొదుగుతుంది. బాలింతలం మనం కూడా అంత ఓపిక పట్టం అనిపిస్తుంది నాకు!

ఇక రెండు తలల పాము. దానికి శాస్త్రీయంగా పేరు పెట్టినదీ రస్సెల్ గారే. తమిళదేశంలో తరంగంబాడిలో ఉండే జాన్ అనే మత ప్రచారకుడి పేరు మీద బోవా జానీ అని తన రెండో సంపుటంలో పేరు పెట్టారు. పేరుకి రెండు తలలు గానీ ఉన్నది ఒకటే. రెండోది మొద్దు తోక. పొడి నేలలో, ఇసుకలో దూరి బతికే సాధు ప్రాణి. విషం లేదు. గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. ఎలుకల్ని తిని రైతుకు మేలు చేస్తుంది. తోక కూడా తలలా కనబడాలని దాన్ని గాయపరిచేవాళ్లున్నారు. బరువును బట్టి బేరాలాడి, మోసపోయి, చివరికి పోలీసులకు దొరికిపోయిన ముఠాల వార్తలు మన హైదరాబాద్ చుట్టుపక్కల నుంచే పత్రికల్లో ఎన్నోసార్లు చదివాం. రెండు వందల ఏళ్ల కిందటే ఒక డాక్టరు అది మామూలు పామే అని తేల్చి రాస్తే, మనం ఇంకా దాని తోకలో లంకెబిందెలు వెతుకుతున్నాం!

మరి పెంచుకోవచ్చా? కొండచిలువనైనా, రెండు తలల పామునైనా పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. వీడియోల్లో కనబడేది ఎక్కువగా ఆఫ్రికా జాతి బాల్ పైథాన్. అలాంటి విదేశీ జాతుల్ని ఉంచుకున్నవాళ్లు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలని 2024లో నియమాలు వచ్చాయి. చట్టం సంగతి అలా ఉంచి ఇంటి సంగతి చూడండి. దానికి తాళం పడే గాజు పెట్టె కావాలి. ఒక పక్క వెచ్చగా, ఒక పక్క చల్లగా ఉండాలి. దాక్కోవడానికి గూడు, నీళ్ల తొట్టి, గాలిలో తేమ ఉండాలి. చలికాలంలో కరెంటు పోతే కంగారే. తిండికి ఎలుకలు కావాలి. వాటిని ఫ్రిజ్‌లో దోసెల పిండి పక్కన దాచాల్సింది ఎవరో వేరే చెప్పాలా? పైగా అది ఇరవై ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. సరదా పడ్డ అబ్బాయి ఉద్యోగానికి పోతే పాము మిగిలేది అమ్మకే!

రస్సెల్ 1789లో ఇంగ్లండ్ వెళ్లిపోయారు. 1796లో కంపెనీ ఖర్చుతో కోరమాండల్ తీరపు పాముల పుస్తకం మొదటి సంపుటం, బొమ్మలతో వెలువడింది. మరుసటి ఏడాదే జార్జి షా అనే శాస్త్రవేత్త కాటుకరేకులపొడకు రస్సెల్ పేరు పెట్టారు. 1803లో విశాఖ చేపల పుస్తకం వచ్చింది. 1805 జులై 2న ఆయన కన్నుమూశారు. పాముల రెండో సంపుటంలో చివరి భాగాలు ఆ తర్వాత అచ్చయ్యాయి.

విషానికి విరుగుడు సూది మందు ఆయన కాలంలో లేదు. ఇప్పుడు ఉంది. తాచు, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి - ఈ నాలుగింటి విషానికీ ఒకటే మందు పనిచేస్తుంది. కాబట్టి కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టడం, పసరు పోయడం ఏదీ వద్దు. కరిచిన చోటు కదలకుండా ఉంచి వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

మా వైపు వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి ఉంది. చుట్టూ నిన్నటిదాకా పొలాలూ, బండలూ, చెరువులూ. ఇప్పుడు కాలనీలు. అక్కడి పాములు ఎక్కడికి పోతాయి చెప్పండి? వానాకాలంలో పెరట్లో ఒకటి కనబడితే కర్ర వెతక్కండి. పిల్లల్ని లోపలికి పిలిచి, దూరంగా నిలబడి అది ఎటు పోతోందో చూస్తూ ఉండండి. అటవీశాఖకో, 1995 నుంచి నగరంలో ఈ పని చేస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకో ఫోన్ చేయండి. పట్టుకెళ్లి అడవిలో వదులుతారు. ఇంటి చుట్టూ చెత్త, ఇటుకల కుప్పలు లేకుండా చూసుకుంటే ఎలుకలు రావు. ఎలుకలు రాకపోతే పాముకి మనింట్లో పనే లేదు.