గాలిని కొలిచిన మనిషి: విల్లిస్ క్యారియర్



నాలుగు, ఐదు తరగతుల పేరెంట్ మీటింగులలో మా లెక్కల టీచర్లు తరచూ వినే ఫిర్యాదు ఒకటుంది. పిల్లవాడికి అన్నీ వస్తున్నాయి గానీ భిన్నాలు మాత్రం బుర్రకెక్కడం లేదని. ఈ నెల మీకు పరిచయం చేస్తున్న వ్యక్తికి కూడా తొమ్మిదేళ్ల వయసులో భిన్నాలు ఎక్కలేదు. ఈరోజు మీ ఇంట్లో, మీ పిల్లల తరగతి గదిలో, మీరు వెళ్లే బట్టల షాపులో నడుస్తున్న ఏసీకి మూలం ఆయన ఆలోచనే. ఆయన పేరు విల్లిస్ క్యారియర్.

క్యారియర్ 1876 నవంబరు 26న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, అంగోలా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. రైతు కుటుంబం, ఒక్కడే కొడుకు. వాళ్లమ్మ ఎలిజబెత్ ఇంట్లోని గడియారాలు, కుట్టుమిషన్లు తానే విప్పి బాగుచేసుకునేది. కొడుకు భిన్నాల దగ్గర ఆగిపోయాడని తెలిసినప్పుడు ఆమె తిట్టలేదు, ఎక్కాలు మళ్లీ చదవమనలేదు. నేలమాళిగ నుంచి ఆపిల్ పళ్లు తెమ్మంది. వాటిని సగాలుగా, పావులుగా, ఎనిమిదో వంతులుగా కోయించింది. ఆ ముక్కలతోనే కూడికలు, తీసివేతలు చేయించింది. అర్థంకాని పెద్ద విషయాన్ని చేతికి అందే ముక్కలుగా చేసుకోవచ్చని ఆ కుర్రాడికి అప్పుడు తెలిసింది. తనకు దొరికిన అతి ముఖ్యమైన పాఠం అదేనని పెద్దయ్యాక కూడా ఆయన తలచుకునేవాడు. అతనికి పదకొండేళ్లప్పుడు తల్లి చనిపోయింది. పాఠం మాత్రం మిగిలింది.

పై చదువుకు డబ్బు అడ్డం వచ్చింది. కొంతకాలం పల్లె బడిలో పాఠాలు చెప్పాడు. పోటీ పరీక్ష రాసి స్కాలర్‌షిప్ తెచ్చుకుని కార్నెల్ యూనివర్సిటీలో చేరాడు. తిండికీ గదికీ కావలసిన ఖర్చుల కోసం పచ్చిక కోశాడు, హోటల్ సర్వర్‌లా వడ్డన చేశాడు, ఇళ్లలోని ఫర్నేసులు చూసుకున్నాడు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లల ఇళ్లకు వెళ్లొచ్చినవారు మీలో ఉంటే ఈ ఫర్నేసు చూసే ఉంటారు. అక్కడ ఒకచోట గాలిని వేడిచేసి, రేకు గొట్టాల ద్వారా అన్ని గదులకూ పంపుతారు. ఆ గొట్టాలనే డక్టులంటారు. గాలి తిరిగి యంత్రంలోకి వెళ్లేచోట ఒక ఫిల్టర్ ఉంటుంది. అది దుమ్ముతో పూడుకుపోతే యంత్రం ఎంత తిరిగినా గదికి గాలి సరిగా చేరదు.

1901లో ఇంజినీరింగ్ పూర్తిచేసి, బఫెలో ఫోర్జ్ అనే కంపెనీలో వారానికి పది డాలర్ల జీతానికి చేరాడు. గాలిని వేడిచేసి కలపనూ కాఫీ గింజలనూ ఆరబెట్టే యంత్రాలు అక్కడ తయారయ్యేవి. ఎంత గాలికి ఎంత వేడి కావాలో అప్పట్లో చాలావరకు అంచనాల మీదే నడిచేది. క్యారియర్ కూర్చుని కొలిచాడు, పట్టికలు రాసుకున్నాడు.

మరుసటి ఏడాదే ఆ అలవాటు అక్కరకు వచ్చింది. బ్రూక్లిన్‌లోని శాకెట్ విల్హెల్మ్స్ అనే ప్రింటింగ్ ప్రెస్‌లో వేసవి వస్తే రంగుల బొమ్మలు పాడైపోయేవి. ఒక్కో రంగునూ విడివిడిగా అద్దాలి. ఈలోగా గాలిలోని తేమకు కాగితం సాగేది, ఎండినప్పుడు ముడుచుకునేది. ఒక రంగు మీద ఇంకో రంగు సరిగా కూర్చునేది కాదు. చల్లటి నీళ్లు పారే గొట్టాల మీదుగా ఫ్యానుతో గాలిని పంపి, అందులోని తేమను ఏడాది పొడవునా 55 శాతం దగ్గర నిలిపే పద్ధతిని ఆయన రూపొందించాడు. ఆ డ్రాయింగుల తేదీ 1902 జూలై 17. ఆధునిక ఏసీకి పుట్టినరోజుగా చెప్పుకునేది దాన్నే. అంటే ఏసీ పుట్టింది మనుషుల కోసం కాదు, కాగితం కోసం!

ఆ ఏడాది చివర్లో పిట్స్‌బర్గ్ రైల్వే ప్లాట్‌ఫారం మీద రైలు కోసం ఎదురుచూస్తుండగా చుట్టూ పొగమంచు కమ్మింది. అందరికీ అది దారి కనిపించని ఇబ్బంది. ఆయనకు మాత్రం తేమతో పూర్తిగా నిండిన గాలి కనిపించింది. గాలి ఎంత చల్లబడితే అంత తక్కువ తేమను పట్టి ఉంచుతుంది. మరి గాలిని చల్లటి నీటి తుంపర గుండా పంపితే? మితిమీరిన తేమ ఆ తుంపరలోనే నీరుగా దిగిపోతుంది. నీళ్లతో గాలిని ఆరబెట్టడం వినడానికి వింతగా ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద పట్టే చెమటను మీ పిల్లలకు చూపించండి, వెంటనే అర్థమవుతుంది. ఆ తుంపర గాలిలోని దుమ్మునూ కడిగేస్తుంది. ఈ యంత్రానికి 1906 జనవరి 2న పేటెంట్ వచ్చింది.

అదే ఏడాది ‘ఎయిర్ కండిషనింగ్’ అన్న పేరు పుట్టింది. పెట్టింది క్యారియర్ కాదు, బట్టల మిల్లుల ఇంజినీరు స్టువర్ట్ క్రేమర్. 1934లో మొదలైన మన ఆజంజాహీ మిల్లులో తాతలు పనిచేసిన కుటుంబాలు మీలో ఉండే ఉంటాయి. పొడిగాలిలో పత్తి దారం ఊరికే తెగుతుందన్న సంగతి ఆ కుటుంబాలకు కొత్త కాదు. ప్రెస్సుకు తేమ తగ్గాలి, మిల్లుకు పెరగాలి. రెంటికీ అక్కరకొచ్చింది ఒకే శాస్త్రం. దాని సూత్రాలను క్యారియర్ 1911లో ఇంజినీర్ల సభ ముందు పెట్టాడు. నిట్‌లో మెకానికల్ చదువుతున్నవారెవరైనా తెలిసివుంటే సైక్రోమెట్రిక్ చార్ట్ గురించి అడగండి. దాని వెనుక ఉన్నది ఈ పనే.

మొదటి ప్రపంచయుద్ధం మొదలయ్యాక కంపెనీ ఆ విభాగాన్ని వదులుకుంది. 1915లో ఏడుగురు ఇంజినీర్లు తమ పొదుపు సొమ్ము 32,600 డాలర్లు పోగుచేసి క్యారియర్ పేరుతో సొంత సంస్థ పెట్టుకున్నారు. 1925లో న్యూయార్క్‌లోని రివోలీ సినిమాహాలును చల్లబరిచారు. విసనకర్రలతో వచ్చిన ప్రేక్షకులు కాసేపటికి వాటిని ఒక్కొక్కరుగా పక్కన పెట్టారు. క్యారియర్ 1950 అక్టోబరు 7న కన్నుమూశాడు.

ఇప్పుడు మీ ఇంటి సంగతికి వద్దాం. ఏసీ అంటే మనకు చల్లదనమే. గాలిని బాగుచేయడమంటే మాత్రం నాలుగు పనులు: వేడిని అదుపులో పెట్టడం, తేమను అదుపులో పెట్టడం, గాలిని తిప్పడం, శుభ్రం చేయడం. మామూలు స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి తాజా గాలిని తేదు. తలుపులు మూసిన గదిలో పిల్లలు గంటల తరబడి చదువుతుంటే గాలి బరువెక్కి, మత్తుగా ఆవలింతలు వస్తాయి. అది బద్ధకమని కోప్పడే ముందు కాసేపు కిటికీ తెరవండి.

ఈ ఆదివారం మీ అబ్బాయినో అమ్మాయినో పక్కన పెట్టుకుని, మెయిన్ స్విచ్ ఆపి, ఏసీ ముందు మూత తెరవండి. ఫిల్టర్ తీసి వెలుతురుకు పట్టి చూపించండి. కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి, పిల్లల చేతే తిరిగి పెట్టించండి. మన ఊరి దుమ్ముకు నెలకు రెండుసార్లు చేసినా మంచిదే. అలాగే మా క్యాంపస్‌కు వచ్చినప్పుడు తరగతిలో ఏసీ ఉందా అన్న ఒక్క ప్రశ్నతో ఆగకండి. ఫిల్టర్లు ఎప్పుడు కడిగారు, గదిలోకి తాజా గాలి ఎటునుంచి వస్తోంది అని కూడా అడగండి. జవాబు చెప్పాల్సిన బాధ్యత మాది.

భిన్నాలు ఇంకా ఎక్కని పిల్లలుంటే, సాయంత్రం ఒక జామకాయ, ఒక చాకు చాలు. ర్యాంకుల పట్టిక కాసేపు పక్కన ఉండనివ్వండి.