సైనికుడు కాటన్

ఊరి సెంటర్లో గాంధీగారు, అంబేద్కర్‌గారు ఉంటే, కాలువ గట్టున కాటన్ దొర ఉంటాడు. మా గోదావరి డెల్టా పల్లెల్లో ఇది మామూలే. కొన్నిచోట్ల ఆయన గుర్రంమీద కూర్చుని ఉంటాడు. కాలువలు తవ్వించిన ఇంజనీరుకి గుర్రం ఎందుకని పిల్లలు అడిగితే, దొరలందరికీ గుర్రాలుండేవిలే అని పెద్దవాళ్ళు దాటేస్తారు. అసలు సమాధానం ఒక్కటే. ఆయన సైనికుడు. పదహారో ఏట సైన్యంలో చేరి, జనరల్ హోదా దాకా వెళ్ళినవాడు.

సైన్యంలో పనిచేసినవాళ్ళను గౌరవించుకోవడం అనగానే మనకు యుద్ధాలే గుర్తుకొస్తాయి. ఆ మనిషి అక్కడ నేర్చిన విద్యతో తరువాత జనానికి ఏం చేశాడని అడిగేవాళ్ళు తక్కువ. నేను రైతుబిడ్డను. చదివేది బి.యస్సీ. కనుక నాకు ఈ రెండో ప్రశ్నే ముఖ్యమనిపిస్తుంది. కాటన్ జీవితాన్ని ఆ దారినే చెప్పుకుంటూ వెళతాను.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. తండ్రికి పదకొండుమంది కొడుకులు. అందులో ఈయన పదోవాడు. అంతమంది అన్నదమ్ములున్న ఇంట్లో ఆస్తి ఎంతమందికని పంచుతారు? చిన్నవాళ్ళు ఉద్యోగాలు చూసుకోవలసిందే. మన పల్లెల్లో అయిదెకరాలకు నలుగురు కొడుకులున్న ఇంట్లో ఒకణ్ణి మిలిటరీకి పంపినట్టే అనుకోండి. దగ్గరి బంధువుల్లో పెద్ద సేనానులున్నారు. పదిహేనో ఏట ఈస్టిండియా కంపెనీవారి ఎడిస్కోంబ్ సైనిక పాఠశాలలో చేరాడు. ఫిరంగి దళానికీ, ఇంజనీరు దళానికీ కుర్రాళ్ళను తయారుచేసే బడి అది. లెక్కలు, కోటల నిర్మాణం, సర్వే అక్కడి ముఖ్య విద్యలు. 1819లో మద్రాసు ఇంజనీర్స్‌లో సెకండ్ లెఫ్టినెంటుగా ఉద్యోగం దొరికింది. 1821లో ఓడెక్కి మద్రాసులో దిగేనాటికి ఆయన వయస్సు పద్ధెనిమిది. అంటే మన కాలేజీలో రెండో సంవత్సరం చదివేవాళ్ళ ఈడు.

మొదట దక్షిణాది జిల్లాల్లో చెరువుల శాఖలో వేశారు. రామేశ్వరం పక్కన పాంబన్ కాలువలో ఓడలు వెళ్ళే దారికోసం సర్వే చేశాడు. ఇంతలో 1824లో మొదటి బర్మా యుద్ధం వచ్చింది. కాటన్ అందులో పాల్గొన్నాడు. బర్మావాళ్ళు దుంగలతో కట్టుకున్న దడికోటలమీద దాడిచేసే దళాలతో నడిచాడు. అది కంపెనీవాళ్ళు రాజ్యం పెంచుకోవడానికి చేసిన యుద్ధం. అందులో బర్మా ప్రజలకు ఒరిగిన మేలు ఏమీ లేదు. మనకు నీళ్ళిచ్చాడు గదా అని ఆ సంగతి దాచిపెట్టి చెప్పడం నాకు ఇష్టంలేదు. ఈ వ్యాసంలో గౌరవం ఆ రెండేళ్ళకు కాదు. 1826లో యుద్ధం ముగిసింది. ఆ తరువాతే అసలు కథ.

1828 ప్రాంతంలో ఆయనకు కావేరి పనులు అప్పగించారు. శ్రీరంగం దగ్గర కావేరి నుంచి కొల్లిడం చీలుతుంది. కొల్లిడం పల్లంగా ఉండటంవల్ల నీళ్ళన్నీ అటే పోయి, తంజావూరు పొలాలకు వెళ్ళే కావేరి పాయ ఇసుకమేట వేసి ఎండిపోయే స్థితికి వచ్చింది. అక్కడ కాటన్‌కు ఒక గొప్ప గురువు దొరికాడు. ఆ గురువు మనిషి కాదు, చోళులు కట్టిన కల్లణై ఆనకట్ట.

సైన్సు విద్యార్థులు ఇక్కడ కాస్త ఆగాలి. ఇసుకమీద రాతికట్టడం నిలవదని అప్పటి ఇంజనీర్ల భయం. కింద బండ తగిలేదాకా తవ్వాలి. డెల్టాలో ఎంత తవ్వినా బండ తగలదు. ఇక ఆనకట్ట ఎలా? పాతకాలపు మనవాళ్ళు ఆ చిక్కును తేలిగ్గా విప్పారు. ఇసుకలో రాళ్ళు వదిలారు. ప్రవాహం రాళ్ళ కింది ఇసుకను కోస్తుంది, రాళ్ళు దిగబడతాయి. మళ్ళీ పైన రాళ్ళు వదిలారు. కొంత లోతుకు వెళ్ళాక కోత ఆగిపోతుంది, రాళ్ళు కదలవు. ఇక దానిమీద కట్టుకోవచ్చు. కల్లణైని పరిశీలించి కాటన్ ఈ కిటుకు నేర్చుకున్నాడు. నేర్చుకుని ఊరుకోలేదు. ఈ విద్య మాకు ఈ దేశంవాళ్ళే నేర్పారని తరువాత బాహాటంగా ఒప్పుకున్నాడు. గెలిచిన జాతివాడు ఓడిన జాతివాణ్ణి గురువుగా చెప్పుకోవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. ఆ విద్యతోనే 1836లో కొల్లిడంమీద ఎగువ ఆనకట్ట, దిగువ ఆనకట్ట కట్టాడు. తంజావూరు జిల్లా మళ్ళీ పచ్చబడింది.

జ్వరాలు ఆయన్ని వదలలేదు. ఆరోగ్యం చెడి సెలవుపెట్టి ఆస్ట్రేలియా వైపు వెళ్ళాడు. అక్కడే 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌ను పెళ్ళాడాడు. 1842లో టాస్మేనియాలో వాళ్ళకు కూతురు పుట్టింది. జువాలజీ మిత్రులకు ఒక ముచ్చట చెబుతాను. డార్విన్ చివరిరోజుల్లో పరిణామవాదాన్ని వదులుకున్నాడని ఒక కథ తిరుగుతూ ఉంటుంది చూడండి, 1915లో దాన్ని చెప్పిన లేడీ హోప్ ఈ కూతురే! డార్విన్ పిల్లలు అది వట్టిమాట అన్నారు. అది ఎలా ఉన్నా, తండ్రి జీవితచరిత్ర రాసి 1900లో అచ్చువేయించింది కూడా ఈమే.

తిరిగివచ్చాక కాటన్ కొన్నాళ్ళు విశాఖపట్నంలో పనిచేశాడు. అక్కణ్ణుంచి గోదావరికి.

అప్పటి గోదావరి జిల్లా ఎలా ఉండేదో ఇప్పుడు ఊహించడం కష్టం. 1832-33లో వచ్చిన కరువును నందన కరువు అనీ, డొక్కల కరువు అనీ మనవాళ్ళు తరాలపాటు చెప్పుకున్నారు. 1839లో కోరంగిమీద ఉప్పెన విరుచుకుపడింది. రైతులు ఊళ్ళు వదిలిపోయారు, జనాభా పడిపోయింది. ఇంతా జరుగుతుంటే గోదావరి మాత్రం ఏటా నిండుగా పారి సముద్రంలో కలుస్తూనే ఉంది. వరదొస్తే మునగడం, రాకపోతే ఎండటం. 1844లో జిల్లా దుస్థితిని విచారించిన సర్ హెన్రీ మాంట్‌గోమరీ, కాటన్ చేత సర్వే చేయించమని సిఫారసు చేశాడు.

కాటన్ నదివెంట తిరిగి చూశాడు. డెల్టాలో భూమి వాలు మామూలు చోట్ల వాలుకు తలకిందులుగా ఉంటుంది. నది తెచ్చిన ఒండ్రు ఒడ్డునే ఎక్కువగా పడుతుంది గనుక నది ఒడ్డే మెరక. దూరం పోయినకొద్దీ పల్లం. కనుక డెల్టా తలదగ్గర నీటిమట్టాన్ని కొన్ని అడుగులు పైకి లేపితే చాలు, మెరకమీద తవ్విన కాలువల్లోంచి నీళ్ళు వాటంతటవే రెండు పక్కలా దిగుతాయి. యంత్రం అక్కర్లేదు, ఏతం అక్కర్లేదు. భూమ్యాకర్షణే కూలీ! రాజమండ్రికి దిగువన ధవళేశ్వరం దగ్గర నది లంకల మధ్య నాలుగు పాయలుగా చీలి వెడల్పుగా, నెమ్మదిగా పారుతుంది. రాయికి పక్కనే కొండ ఉంది. అంతకంటే మంచి చోటు దొరకదు.

కంపెనీ డైరెక్టర్ల అనుమతి 1846 చివర వచ్చింది. 1847లో పదివేలమంది కూలీలతో పని మొదలైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా, మొత్తం మూడున్నర కిలోమీటర్లకు పైగా పొడవు, పన్నెండు అడుగుల ఎత్తు. కొండరాయిని పట్టాలమీద బళ్ళతో తీరానికి, అక్కణ్ణుంచి పడవలమీద నదిలోకి చేరవేశారు. నదిలో పని వరద లేని నెలల్లోనే. జూన్ దాటితే గోదావరి ఆగదు. అయిదేళ్ళలో దొరికిన పనిరోజులు లెక్కపెట్టుకుంటే అది యుద్ధానికి తీసిపోని పని. ఏ రోజు ఎంతమంది, ఎన్ని రాళ్ళు, ఎవరి తిండి ఎక్కణ్ణుంచి, వరద ముంచుకొస్తే ఏ ముక్కను ముందు కాపాడుకోవాలి, ఇవన్నీ ఒక సేనాని వేసుకునే లెక్కలే. సైన్యంలో నేర్చిన విద్య ఇక్కడ కూటికి పనికొచ్చింది.

మధ్యలో, 1848లో, ఎండదెబ్బ తగిలి కాటన్ మంచం పట్టాడు. సెలవుమీద వెళ్ళి 1850లో గాని తిరిగిరాలేదు. ఆ రెండేళ్ళూ పని నడిపించినవాడు కెప్టెన్ ఆర్. ఆయనకు ఎక్కడా విగ్రహం ఉన్నట్టు నేను చూడలేదు. మొదట్నుంచీ చివరిదాకా కూలీలను కూడగట్టి, మేస్త్రీలకూ దొరలకూ మధ్య నిలబడి పని సాగించిన మన తెలుగాయన వీణం వీరన్నగారు. ప్రభుత్వం ఆయనకు రాయబహదూర్ బిరుదు ఇచ్చింది. 1867లో ఆయన మరణించాడు. ఇక రాళ్ళెత్తిన ఆ పదివేలమంది పేర్లు ఏ రాతిమీదా లేవు. మే 15న దండ వేసేటప్పుడు ఒక పువ్వు వాళ్ళకోసం కూడా తీసిపెట్టాలని నా కోరిక.

1852లో ఆనకట్ట పూర్తయింది. కోనసీమకు నీళ్ళు దాటించడానికి గన్నవరం దగ్గర గోదావరి పాయమీద నలభైతొమ్మిది కమానుల అక్విడక్టును లెఫ్టినెంట్ హేగ్ చేత కట్టించారు. కింద నది, పైన కాలువ. కాలువల్లో లాకులు పెట్టి పడవలు నడిచేటట్టు చేశారు. ఈనాడు ఆ డెల్టా ఆయకట్టు సుమారు పది లక్షల ఎకరాలు.

కంపెనీవాళ్ళు దయతో డబ్బిచ్చారా అంటే, లేదు. నీళ్ళు పారితే శిస్తు పెరుగుతుందన్న లెక్క చూసుకునే ఇచ్చారు. కాటన్ కూడా వాళ్ళకు అర్థమయ్యే ఆ రూపాయల భాషలోనే చెప్పి ఒప్పించాడు. పని అయ్యేటట్టు చెప్పాలిగా! అయితే రైతు గింజలు కళ్ళచూశాడన్నదీ అంతే నిజం. 1876-78 మహాకరువులో మద్రాసు రాజధానిలో లక్షలమంది ఆకలితో చచ్చిపోతుంటే గోదావరి, కృష్ణా డెల్టాలు బతికిపోయాయి, బయటికి బియ్యం పంపాయి. గోదావరిలో స్నానంచేసేటప్పుడు సంకల్పంలో ఈ ఆంగ్లేయుడి పేరు చేర్చుకున్నవాళ్ళున్నారని మా వైపు చెప్పుకోవడం ఊరకే పుట్టింది కాదు.

కాలువ గట్టున సైన్యం వాసన ఇంకా పోలేదు. మా శివారు పొలానికి వంతు ప్రకారం తూము ఎత్తే మనిషిని లస్కరు అంటాం. సైన్యం అనే అర్థమున్న పారసీ మాటలోంచి వచ్చిందది. మా తాతయ్య దృష్టిలో కలెక్టరు కంటే లస్కరే గొప్పవాడు. దాళ్వాకి చివరి తడి ఆయన చేతిలోనే ఉంటుంది మరి. కాటన్ పుట్టినరోజు వచ్చేసరికి సాధారణంగా కాలువలు కట్టేసి ఉంటాయి. బోదెల్లో పూడిక, గుర్రపుడెక్క తీయవలసిన రోజులవి. ఒక్కొక్క ఏడు ఆ పని కాగితాలమీద అయిపోతుంది. గట్టుమీద విగ్రహానికి దండ పడుతుంది, కింద బోదెలో డెక్క అలాగే ఉంటుంది. జూలైలో ఎగువవాళ్ళు ఊడ్పులు ఊడ్చేస్తుంటే శివారువాళ్ళం ఆకుమడి ఎండకుండా ఇంజను పెట్టుకుంటాం. ఆ దండ ఖరీదు చిన్నదే, ఆ ఇంజను డీజిలు ఖరీదు మాత్రం మా ఇంట్లో అందరికీ తెలుసు.

కాటన్ తరువాతి జీవితం అంతా విజయం కాదు. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట కావాలని ఆయన పట్టుబట్టాడు. ఆర్ దాన్ని 1855లో పూర్తిచేశాడు. ఆ తరువాత తుంగభద్ర నీళ్ళతో కర్నూలు-కడప కాలువ. ప్రైవేటు కంపెనీ చేతిలో పెట్టిన ఆ పని కోటి రూపాయలకు పైగా మింగింది. వానమీద పండే నల్లరేగడి రైతులు అనుకున్నంతగా నీళ్ళు కొనలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే దాన్ని కొనుక్కోవలసివచ్చింది. కాగితంమీద వాలు చూసి రైతు మనసు చూడకపోతే అలాగే అవుతుంది. ఒకచోట ఫలించిన సూత్రం ఇంకోచోట ఫలించాలని లేదు గదా, లాబ్‌లో మనం రోజూ చూసేదే.

1860లో సర్వీసు వదిలి ఇంగ్లండు వెళ్ళాడు. 1861లో సర్ బిరుదు వచ్చింది. రైళ్ళకు పోసే డబ్బులో కొంత కాలువలకు పెట్టండి, సరుకు చవకగా వెళుతుంది, పొలం పండుతుంది, కరువు రాదు, నదులను ఒకదానితో ఒకటి కలపండి అని ఊరూవాడా వాదించాడు. రైలు కంపెనీల రోజుల్లో ఆ మాట ఎవరికి రుచిస్తుంది? 1878లో పార్లమెంటు ఒక కమిటీ వేసింది. డెబ్భైఅయిదేళ్ళ ముసలాయన దాని ముందు కూర్చుని గట్టిగా నిలబడ్డాడు గాని, కమిటీ ఆయన వాదాన్ని ఒప్పుకోలేదు.

ఆయన కట్టిన ఆనకట్ట నూటపాతికేళ్ళ పైన పనిచేసింది. దాని స్థానంలో కొత్త బ్యారేజి 1982 నాటికి తయారైంది. దానికీ కాటన్ పేరే పెట్టుకున్నాం. 1986 ఆగస్టు వరద దానికి పెట్టిన మొదటి పెద్ద పరీక్ష.

ముసలితనంలో ఆయన సర్రేలోని డార్కింగ్ అనే చిన్న ఊళ్ళో స్థిరపడ్డాడు. అక్కడ ఏం చేశాడో చదివినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, ఆనందమూ కలిగింది. జనరల్ సర్ ఆర్థర్ కాటన్ వ్యవసాయం మొదలుపెట్టాడు! నేలను బాగా లోతుగా తవ్వి గుల్లచేస్తే గోధుమ దిగుబడి ఎంత పెరుగుతుందో తెలుసుకోవడానికి ఇంటి దగ్గరి నేలలో మళ్ళు వేయించి ప్రయోగాలు చేశాడు. 1899 జూలైలో చనిపోయేనాటికి ఆయనకు తొంభైఆరేళ్ళు.